చదును నీళ్లు

ఇల్లు కదలదు. ఆ సంగతి నాకు తెలీదనుకోకండి. భీమిలిలో మాది నల్లరాతి పునాది మీద కట్టిన ఇల్లు, ఎన్ని తుఫాన్లొచ్చినా ఒక్క పెంకు కూడా రాలని ఇల్లు. అయినా ఆ రోజు పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడి ఉప్మా కలుపుతుంటే నా కాళ్ల కింద నేల పైకి లేచింది. మోకాళ్లు వాటంతటవే వంగాయి. కుడిచెయ్యి గరిటెని వదిలేసి, అక్కడ లేని పిడినేదో పట్టుకుని వెనక్కి లాగింది. గరిటె ఉప్మాతో సహా వెళ్లి మా అత్త పాదాల దగ్గర పడింది.

"ఓలమ్మో! నేలకి ఉప్మా తినిపిత్తన్నావేటే?" అంది అత్త, కాలు వెనక్కి తీసుకుని.

"కెరటం వచ్చింది అత్తా."

"వొంటింట్లోనా?"

ఏం చెప్పను? నాకే అర్థం కాలేదు. నేల తుడిచాను. కిటికీలోంచి చూశాను. సముద్రం ఎప్పటిలాగే వీధి చివర, దాని చోట అది ఉంది. నా చోట నేనున్నానో లేదో మాత్రం చెప్పలేకపోయాను.

నా పేరు కాంచన. గాలివానలో చిక్కుకున్న జాలర్లని వేగంగా వెళ్లి తీసుకొచ్చే చిన్న పడవలు తయారుచేసే పరిశోధనశాల ఒకటి మా రేవు పక్కన ఉంది. ఆ పడవల్ని పరీక్షగా నడపడం నా ఉద్యోగం. మరపడవ నడపడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, ఇంజిన్లు పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నాను. మా పడవ పేరు పరిగె. పేరుకు తగ్గట్టే చిన్న చేప. పద్దెనిమిది అడుగుల పొడవు, వెనక రెండు ఇంజిన్లు, వాడిగా దిగిన అడుగుభాగం.

"చదును నీళ్ల మీద ఎవడైనా నడుపుతాడు." మా ల్యాబులో ఈ మాట రోజుకొక్కసారైనా ఎవరో ఒకరి నోట వినిపిస్తుంది. నిజమే మరి. పెద్ద ఓడ నాలుగు కెరటాల మీద ఒక్కసారే పడుకుంటుంది. చిన్న పడవకి ఆ భాగ్యం లేదు. ప్రతి కెరటమూ ఎక్కాలి, ప్రతి కెరటమూ దిగాలి. ఎక్కేటప్పుడు ఇంజినుకి బలమివ్వాలి, కెరటం కొస ఇంకా రాకముందే తగ్గించాలి. తగ్గించలేదా, పడవ గాల్లోకి లేస్తుంది, నీళ్లందని పంకా కీచుమని అరుస్తుంది, ఆపైన పడవ అడుగు వచ్చి నీళ్లకి చరుచుకుంటుంది. ఆ దెబ్బకి వెన్నుపూసలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. వెనకనుంచి వచ్చే కెరటమైతే ఇంకా మోసం. తొందరపడి దాన్ని దాటామో, పడవ ముక్కు వెళ్లి ముందున్న కెరటంలో గుచ్చుకుంటుంది. అందుకే మేం కూర్చోం. నిలబడి, మోకాళ్లు వంచి, ఎడమచేత్తో చక్రం, కుడిచేత్తో ఇంజిను బలం పెంచీ తగ్గించే పిడి, థ్రాటిల్, పట్టుకుంటాం. రేగిన సముద్రంలో ప్రాణాలన్నీ ఆ కుడిచేతి మీదే ఉంటాయి.

డాక్టర్ పినాకపాణి గారు మా ల్యాబుకి పెద్ద. కాకినాడ మనిషి. మంచివాడు, కానీ ఆలోచనలో పడితే ఎడం కాలి చెప్పు కుడి కాలికి వేసుకుని ఊరంతా తిరిగేస్తాడు. కన్ను చూసి, బుర్ర ఆలోచించి, చెయ్యి కదిలేసరికి కెరటం కాస్తా కిందనుంచి వెళ్లిపోతోందని ఆయన బాధ. "కంటికి చెప్పి లాభం లేదమ్మా, చెవికి చెబుదాం" అన్నారు ఒకరోజు. మనిషి నిలకడని కనిపెట్టుకుని ఉండేది లోపలి చెవే కదా. ఆయన చేసిన పట్టీ చెవుల వెనక అంటుకుంటుంది. పడవ ముక్కున బిగించిన యంత్రపు కన్ను ముందున్న నీళ్లని చూస్తుంది. పడవలో పెట్టిన మిషన్ లెక్క కడుతుంది. రాబోయే ఊపు ఎలా ఉంటుందో, అచ్చం అలాంటి ఊపునే పట్టీ ముందుగా చెవిలో పెడుతుంది. అంటే పడవ ఇంకా ఎక్కదు, నేను ఎక్కేస్తాను. పడవ ఇంకా దిగదు, నేను దిగిపోయి దానికోసం ఎదురుచూస్తుంటాను.

మొదటిరోజు పట్టీ పెట్టుకుని రేవు దాటకముందే తిన్నదంతా కక్కాను. "భేష్, పని చేస్తోంది!" అని పినాకపాణి గారు చప్పట్లు కొట్టారు. ఆయన్ని నీళ్లలోకి తోసెయ్యాలనిపించింది.

పోనుపోను అలవాటైంది. నా చెయ్యి ఎలా కదులుతోందో చూసి మిషన్ నేర్చుకునేది. మిషన్ ఏం చెబుతోందో విని నా చెయ్యి నేర్చుకునేది. సముద్రం రేగిన రోజు మాకు పనిరోజు. చదునుగా ఉన్న రోజు మిషన్ మీద కప్పిన గుడ్డ కూడా విప్పం. ఆ రోజు ఒడ్డున ఇటుకలు పేర్చి చేపల పులుసు వండుకుంటాం. చదును నీళ్లలో దానికి నేర్చుకోవడానికి ఏముంది కనక? ఏడాదిన్నర అలాగే గడిచింది. నడుమ నా కూతురు జాజి పుట్టింది. నాలుగు నెలలు సెలవు పెట్టి మళ్లీ వచ్చేసరికి నా చెవీ, ఆ మిషనూ ఒకదాన్నొకటి మరిచిపోయి ఉంటాయనుకున్నాను. మొదటి కెరటానికే కలిసిపోయాయి.

ఉప్మా గరిటె ఎగిరిన సంగతి నేను ల్యాబులో చెప్పలేదు. పనెక్కువై ఒళ్లు తూలిందనుకున్నాను. పట్టీ లేదు, పడవ లేదు, వంటింట్లో కెరటమేమిటి? ఎవరికైనా చెబితే నవ్విపోతారు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తిరిగింది. వేటకి వెళ్లిన ఫైబర్ బోటు ఒకటి బోల్తా పడిందని, నలుగురు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారని కబురొచ్చింది. పెద్ద బోట్లేవీ రేవు దాటలేకపోయాయి. పరిగె ఇంకా పరీక్షల్లోనే ఉంది. పినాకపాణి గారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. పట్టీ పెట్టుకున్నాను.

ఆ రోజు పరిగె ఒక్కసారి కూడా చరుచుకోలేదు. మనిషిని మించిన కెరటాలు వరసగా వస్తుంటే, ఒక్కొక్కటీ రాకముందే నాలో లేచి, నాలో దిగిపోయింది. నా చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంది, నేను దానికేమీ చెప్పలేదు. నలుగురినీ ఎక్కించుకున్నాను. వాళ్లలో పెద్దాయన నూకయ్య, నీలం తిరిగిన పెదవులతో వణుకుతూనే నన్ను తేరిపారా చూశాడు.

"అమ్మా, కెరటం రాకముందే నువ్వు వొంగిపోతన్నావు. సముద్రం నీ మాట ఇంటందా, నువ్వు దాని మాట ఇంటన్నావా?"

"నాకూ తెలీదు తాతా, గట్టిగా పట్టుకో" అన్నాను. నిజంగానే తెలీదు.

ఒడ్డున ఊరంతా ఉంది. నూకయ్య పెళ్లాం నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. పినాకపాణి గారు ఏడ్చారు. మా ఆయన సన్నిబాబు హార్బరులో ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీ. పని వదిలేసి పరిగెత్తుకొచ్చి, "ఒసే, నా గుండాగిపోయిందే" అని అందరిముందూ తిట్టాడు. చచ్చేంత సంతోషమనిపించింది ఆ తిట్టుకి. అబద్ధమెందుకు, ఆ రోజు నా అంతటిది లేదనుకున్నాను.

ఆ వారంలోనే జరిగింది. సాయంత్రం జాజిని కుడిచంకనేసుకుని అరుగు మీద నిలబడ్డాను. అది నా చెవి కమ్మ పట్టుకుని లాగుతోంది. సన్నిబాబు బండి దిగి మెట్లెక్కుతున్నాడు. అప్పుడు కెరటం వచ్చింది.

పెద్దది. మోకాళ్లు వంగాయి. కొస వచ్చేస్తోంది, బలం తగ్గించాలి. కుడిచెయ్యి జాజిని వదిలేసి వెనక్కి వెళ్లింది.

సన్నిబాబు చేతిలో ఉన్న పెరుగు గిన్నె పారేసి దాని గౌను అందుకున్నాడు. పిల్ల అరుగు అంచుకి జానెడు పైన, తలకిందులుగా వేలాడింది. దెబ్బేమీ తగల్లేదు. ఆటనుకుని కిలకిలా నవ్వింది. మేమిద్దరం నవ్వలేదు.

"ఏటైందే?" అన్నాడు సన్నిబాబు. పిల్లని తిన్నగా తిప్పి భుజానేసుకున్నాడు.

"చెయ్యి వెళ్లిపోయింది."

"సెయ్యి ఎక్కడికెల్తాదే?"

"థ్రాటిల్‌కి."

ఆయన నన్ను చూశాడు, అరుగుని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఏం తిట్టాలో కూడా తోచలేదు పాపం. పిల్లని తీసుకెళ్లి అత్తకిచ్చాడు.

ఆ రోజు నుంచి నేను జాజిని ఎత్తుకోలేదు. ఎడమచేత్తో ఎత్తుకోవచ్చు కదా అంటారేమో. ఎడమచెయ్యి చక్రం తిప్పుతుంది. కూర్చుని ఒళ్లో పెట్టుకోవచ్చు కదా అంటారేమో. మా పడవలో కూర్చోడాలు లేవని చెప్పాను కదా, కెరటం వస్తే ఒళ్లు దానంతటదే లేచి నిలబడుతుంది. విశాఖపట్నంలో చెవుల డాక్టరు నన్ను కుర్చీలో గిరగిరా తిప్పి, చెవుల్లో చన్నీళ్లు పోసి, "మీ చెవులు దివ్యంగా ఉన్నాయమ్మా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. దివ్యంగా ఉంటే నేనెందుకొస్తానయ్యా?

పట్టీ మానేసి నెల్లాళ్లు ఇంట్లో కూర్చున్నాను. తగ్గలేదు. కెరటాలు వాటికి బుద్ధి పుట్టినప్పుడల్లా వచ్చాయి. ఒక్కోసారి జాజి తప్పటడుగులు వేస్తూ పడబోతోందని ముందే అనిపించి గబుక్కున వంగేదాన్ని. నేను వంగిన కంగారుకి అది బెదిరి నిజంగానే పడేది. పడుతుందని నాకు ముందే తెలిసిందా, నేనే పడేశానా? ఇదే ప్రశ్న పొద్దస్తమానం బుర్రలో తిరిగేది. చెంబు దొర్లితే నేనే దొర్లించానా అనిపించేది. మా అత్త తుమ్మితే కూడా అనుమానమే.

మొదట్లో జాజి నన్ను చూడగానే చేతులు చాచేది. నేను దూరంగా నిలబడి చిటికెలేసి, పాటలు పాడి, నా చేతులు మాత్రం వెనక్కి కట్టుకునేదాన్ని. కొన్నాళ్లకి అది చేతులు చాచడం మానేసింది. నన్ను చూసి నవ్వుతుంది, మళ్లీ నానమ్మ భుజం మీద తల పెట్టుకుంటుంది. పక్కింటావిడని చూసి ఎలా నవ్వుతుందో అలాగే. స్నానాల గదిలోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ మర్నాడే ల్యాబుకి వెళ్లి అంతా చెప్పేశాను. ఉప్మా దగ్గర్నుంచి. పినాకపాణి గారు కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టారు. చివరికి, "పట్టీ లేకుండా కూడానా?" అన్నారు.

"లేకుండానే. ఇప్పుడు కూడా మీ టేబులు లేస్తోంది."

ఆయన టేబులుని గట్టిగా పట్టుకున్నారు. ఏమనుకున్నారో, లేచి, "పద. పరిగెని గోస్తనీ మొగలోకి తీసుకెళ్దాం. అక్కడ నీళ్లు కదలవు. మిషన్ పెట్టి చూద్దాం" అన్నారు.

మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుకమేట అడ్డంగా ఉంటుంది. దాని లోపల నీళ్లు ఆ పూట తాంబాళంలో పోసినట్టున్నాయి. లంగరు వేశాం. పట్టీ పెట్టుకున్నాను. మిషన్ వేశారు.

పడవ ఎక్కడం మొదలెట్టింది.

"సార్, లేస్తోంది."

"లేవడం లేదు కాంచనా."

"లేస్తోందండీ బాబూ! ఇదిగో దిగుతోంది కూడా!"

ఆయన ఫ్లాస్కులోంచి టీ గ్లాసులో పోసి పడవ పలక మీద పెట్టారు. టీ మీద మీగడ కట్టింది. ఆ మీగడ కదల్లేదు. నేను మాత్రం మోకాళ్లు వంచుకుని ఎక్కుతున్నాను, దిగుతున్నాను. కళ్లు చెప్పేది నమ్మనా, కాళ్లు చెప్పేది నమ్మనా? నాకు పిచ్చెక్కిందనే అనుకున్నాను.

అప్పుడు పినాకపాణి గారు మిషన్ తెర నావైపు తిప్పారు. నీళ్ల ఎత్తు చూపించే గీత తెర మీద కొండలూ లోయలుగా పరిగెడుతోంది. నా మోకాళ్లు వంగిన ప్రతిసారీ తెర మీద ఒక కొండ ఉంది. కొంత ఊరటగానే అనిపించింది. పిచ్చెక్కితే ఇద్దరికీ ఎక్కింది.

"లేని కెరటాన్ని ఇది ఎక్కణ్ణించి తెస్తోంది?" అన్నాను.

ఆయన పడవ అంచు మీద కూలబడ్డారు. "మనం దీనికి చదును నీళ్లు ఎప్పుడైనా చూపించామా?"

నేను ఒడ్డు వైపు చూశాను. మేం పులుసు వండుకునే ఇటుకల పొయ్యి మసిబారి అక్కడే ఉంది.

"ఒక్కరోజు కూడా చూపించలేదు" అన్నారాయనే. "దీని లెక్క ప్రకారం నీళ్లంటే లేచేవి. చదును అనేదొకటి ఉంటుందని దీనికి తెలీదు. కనిపించకపోతే, ఉండే ఉంటుందిలే అని కెరటాన్ని తనే తయారుచేసుకుంటోంది."

"మిషన్‌కి తెలీదు, సరే. నాకు తెలుసు కదండీ? నేను నేల మీద పుట్టినదాన్నే కదా?"

"నీకు తెలుసమ్మా. నీ చెవి మాత్రం మరిచిపోయేలా చేశాం."

టీ చల్లారిపోయింది. ఇద్దరం తాగలేదు.

దారి ఆయనే చెప్పారు, చెప్పడానికి ఇష్టం లేని మొహంతో. నేర్పిన పట్టీయే మాన్పించాలి. రోజూ ఈ మొగలోకి వచ్చి, పట్టీ పెట్టుకుని, ఊరికే నిలబడాలి. నీళ్లు చదునుగా ఉన్నాయని మిషన్ నేర్చుకోవాలి, దాని దగ్గర నా చెవి నేర్చుకోవాలి. కొన్ని వారాలు పట్టొచ్చు.

"ఇంకేం మరి, రేపే మొదలెడదాం!"

ఆయన చెప్పులు చూసుకున్నారు. "చదును నేర్చుకుంటే రేగిన సముద్రం మరిచిపోతుందేమోనమ్మా. ఆషాఢంలో వెళ్లినట్టు మళ్లీ వెళ్లలేకపోవచ్చు. మిషన్‌కి నకలు తీసి దాచగలను."

"నా చెవికి నకలెక్కడుంది?"

కార్తీకం దగ్గర పడుతోంది. మా తీరానికి తుఫాన్ల నెలలవి. ఇంకో మనిషి చెవిని తయారుచెయ్యాలంటే మళ్లీ ఏడాదిన్నర. ఆ మనిషికీ ఇంట్లో ఎవరో ఒకరుంటారు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో నూకయ్య కూర్చుని ఉన్నాడు. ఎండు నెత్తళ్ల చేపలు తాటాకు బుట్టలో తెచ్చాడు. నేనేమీ చెప్పకుండానే, "తుఫాన్ల రోజులొత్తన్నాయి. నువ్వున్నావన్న దయిర్నంతోటి మావోలందరూ ఏటకెల్తన్నారమ్మా" అన్నాడు. బుట్ట అందుకోబోయి ఆగాను. అత్త వచ్చి అందుకుంది.

సన్నిబాబుని అడిగాను, ఏం చెయ్యమంటావని. ఆయన జాజికి అన్నం తినిపిస్తున్నాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నన్నడక్కే. నా బుర్ర తిరిగిపోతంది. నలుగురు బతికినారు, అది నిజిమే. మన గుంట నీ ఒంక సేతులు సాపడం మానీసింది, ఇదీ నిజిమే. దేన్ని తీసి పారెయ్యమంటావు?"

"ఆలోసిత్తే తేలేది కాదిది" అంది అత్త. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, ఆ పూట గొంతు మార్చింది. "నీకేటి కావాలో అది సెప్పు ముందు. లోకానికేటి కావాలో లోకం సెప్పుకుంటాది."

నాకు జాజి కావాలి. పైకి అనలేకపోయాను. వెళ్లి దాని ముందు కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, నోరు తెరిచాను. అది తన చేతిలోని అన్నం మెతుకులు నా నోట్లో పెట్టింది. మర్నాడు పొద్దున్నే గోస్తనీ మొగకి వెళ్లాను.

రేగిన సముద్రం మీద నాలుగు గంటలు నిలబడమంటే నిలబడతాను. చదును నీళ్ల మీద అరగంట నిలబడ్డం నా వల్ల కాలేదు. ఏమీ జరగదు. కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి నన్ను చూస్తుంది. తెర మీద కొండలు పరిగెడతాయి, నేను లేని కొండలెక్కుతూ దిగుతూ చెమటలు కక్కుతాను. పినాకపాణి గారు గొడుగేసుకుని ఎదురుగా కూర్చునేవారు. ఇద్దరం మాటల్లేక ఆవకాయ దగ్గర్నుంచి అంతరిక్షం దాకా పోట్లాడుకున్నాం.

ఇంట్లో ఎనిమిది కిలోల బియ్యం మూట కట్టి, జాజి పాత గౌను తొడిగి, కుడిచంకనేసుకుని తిరిగేదాన్ని. మొదట్లో రోజూ పడేది. "ఇయాల గుంట ఎన్నిసార్లు పడ్డాదే? పాలట్టినావా?" అని అత్త వేళాకోళం. నిజం జాజి వచ్చి మూట గౌను పట్టుకుని లాగేది, అసూయతో. నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది, ఏది ముందొచ్చిందో తెలిసేది కాదు.

మెల్లమెల్లగా తెర మీద కొండలు దిబ్బలయ్యాయి, దిబ్బలు గట్లయ్యాయి. ఒక పొద్దున్న గీత తిన్నగా సాగింది. నా మోకాళ్లు తిన్నగా ఉన్నాయి. ఏదో తప్పు జరిగిందని ఇద్దరం భయపడ్డాం. తీగలన్నీ మళ్లీ చూసుకున్నాం. గీత తిన్నగానే ఉంది.

కానీ నేల మీద ఇంకా నమ్మకం కుదరలేదు. మొగలో, పట్టీతో, ఆ చదును మీద మాత్రమే నా కుడిచెయ్యి నాదనిపించేది. అందుకే ఒకరోజు సన్నిబాబుతో అన్నాను, "జాజిని అక్కడికి తీసుకురా. ముందు అక్కడ ఎత్తుకుంటాను."

"గుంటకి నీల్ల మీద ఏటి పని?" అని అత్త లేచింది. ఒక పూటంతా తిట్టింది. చివరికి తనే జాజికి తల స్నానం చేయించి, కాటుక పెట్టి, అరికాలికి దిష్టిచుక్క పెట్టి పంపింది.

ఒడ్డుకి దగ్గరగా, నడుంలోతు నీళ్లలో పరిగెకి లంగరు వేశాం. సన్నిబాబు నీళ్లలోనే దిగి పడవ అంచు పక్కన నిలబడ్డాడు, జాజిని ఎత్తుకుని. జాజికి నారింజరంగు తేలుడు చొక్కా తొడిగాం. నేను పట్టీ పెట్టుకున్నాను, పినాకపాణి గారు తెర ముందు కూర్చున్నారు. గీత తిన్నగా ఉంది.

"అట్టుకో" అన్నాడు సన్నిబాబు.

జాజి బరువు నా కుడిచేతిలోకి వచ్చింది. మూట బరువు కాదు. మూట మెడ వాసన చూడదు. అది నా మొహాన్ని కొత్తగా చూసి, కాసేపు ఆలోచించి, చెవి కమ్మ పట్టుకుని లాగింది. కెరటం రాలేదు. ఇంకా రాలేదు. నేల... కాదు, నీళ్లు... ఏదైతేనేం, నా కింద ఉన్నది నా కిందే ఉంది.

అప్పుడే సముద్రంలోంచి ఒక మరపడవ వేగంగా లోపలికొచ్చి మా పక్కనుంచి దూసుకుపోయింది. దాని వెనక నీళ్లు మడతపడి, ఆ మడత మా వైపు దొర్లింది. నా వీపు అటువైపు ఉంది. నేను చూడలేదు. నాకేమీ అనిపించలేదు.

ధబ్బుమని తగిలింది. పరిగె అడ్డంగా ఒరిగింది. నీళ్లు మా ఇద్దరి మీద పడ్డాయి. లోకంలో అందరికీ తెలిసినట్టే, తగిలాకే నాకు తెలిసింది. తూలాను, పడవలోనే చతికిలబడ్డాను. జాజి ఒక్క క్షణం నోరు తెరిచి, గొంతెత్తి ఏడ్చింది. కుడిచేతిని చూసుకున్నాను. అది ఎక్కడికీ వెళ్లలేదు. పిల్ల వీపు మీద, తడిసిన తేలుడు చొక్కాని పిడికిలితో పట్టుకుని, అక్కడే ఉంది.

"అమ్మీ! వదల్నేదే! నువ్వు వదల్నేదే!" సన్నిబాబు నీళ్లలో గంతులేస్తున్నాడు.

నేను పినాకపాణి గారి వైపు చూశాను. ఆయన తెరనే చూస్తున్నారు. కళ్లద్దాల మీద నీటి బొట్లు. తుడుచుకోలేదు.

"ఏమైంది సార్?"

తెర తిప్పారు. పడవంత పడవా ఒరిగిపోయింది కదా. గీత తిన్నగానే సాగుతోంది. అది ఆ కెరటాన్ని చూడనే లేదు.

"బాగా నేర్చుకుంది" అన్నారు మెల్లగా. ఆ మాట మెచ్చుకోలో ఏడుపో తేల్చుకోలేకపోయాను. ఆయనా తేల్చుకున్నట్టు లేదు.

తూర్పున, ఇసుకమేట అవతల, ఆకాశం మబ్బు పడుతోంది. నూకయ్యవాళ్లు ఆ పొద్దున్నే వేటకి వెళ్లారు. గాలి తిరిగితే నేను వెళ్తాను. వెళ్లకుండా ఎలా ఉంటాను? కానీ ఈసారి కళ్లతో చూసుకుంటూ, దెబ్బ తగిలాక తెలుసుకుంటూ, వెన్నుపూసలు విరగ్గొట్టుకుంటూ వెళ్తాను. ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమో, ఎవరికి ఆలస్యమో నాకు తెలీదు. నేను చేసింది తప్పో ఒప్పో నన్నెవరూ అడక్కండి. రోజూ నన్ను నేనే అడుగుతున్నాను.

పట్టీ ఊడదీసి పలక మీద పెట్టాను. సన్నిబాబు పడవ అంచు మీదుగా చేతులు చాచాడు, "ఇలగిచ్చీ, గుంట తడిసిపోయింది" అని.

జాజి ఆయన చేతుల్ని చూసింది. వెనక్కి తిరిగి, తడి మొహాన్ని నా మెడలో దాచుకుని, రెండు చేతులతో నన్ను పట్టుకుంది.

"ఉండు" అన్నాను. "ఇప్పుడే ఇవ్వను."